ఏడిపించడం రిపోర్టింగ్ కాదు

ఈ మధ్య హన్మకొండలో కొత్త విలేకరులకు పెట్టిన ఒక శిక్షణ తరగతిలో ఒక సీనియర్ అన్న మాట నన్ను ఇంకా గుచ్చుతూనే ఉంది. నోట్‌బుక్‌లో ప్రశ్నలు రాసుకొచ్చిన ఒక అమ్మాయిని చూపించి, "ఇదంతా యూనివర్సిటీల నడుస్తది తల్లీ. ఫీల్డ్‌కు పోయినంక గొట్టం ముందర పెట్టు, ప్రశ్న దానంతటదే వస్తది. ఏడుపొచ్చిందంటే వార్తొచ్చినట్టే" అన్నాడు. గదిలో సగం మంది నవ్వారు. ఆ అమ్మాయి నోట్‌బుక్ మూసేసింది.

ఆ మాట ఆ ఒక్క పెద్దమనిషిది అయితే ఊరుకునేవాణ్ణి. ఏ ప్రెస్‌క్లబ్‌కు పోయినా ఇదే పాఠం. ముందే ప్రశ్నలు రాసుకుంటే సహజత్వం పోతుందంటారు. మొహమాటపడేవాడు ఈ పనికి పనికిరాడంటారు. అనుభవమే అన్నీ నేర్పుతుందంటారు. నేర్పుతుంది సరే, ఎవరి మీద నేర్చుకుంటున్నారు? మొగుడి శవం ఇంకా లోపలే ఉన్న ఆడమనిషి మీద!

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మార్చురీ దగ్గర కాసేపు నిలబడితే చాలు, నేను చెప్పేది అర్థమవుతుంది. పంచనామా కాగితాల కోసం ఊరి పెద్దమనుషులు కానిస్టేబుల్ చుట్టూ తిరుగుతుంటారు. ఆత్మహత్య చేసుకున్న రైతు భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది, చేతిలో ఆధార్ కార్డు జిరాక్సులున్న ప్లాస్టిక్ కవరు ఉంటుంది. దాన్ని ఎవరికివ్వాలో ఆమెకు తెలియదు. అంతలో లోగోలున్న మైకులు నాలుగు ఆమె గదవ కిందికి వస్తాయి. "ఎట్ల జరిగిందమ్మా?" "అప్పెంత ఉండె?" "తాగుడు అలవాటున్నదా?" ఆమె ఏమీ పలకకపోతే, "ఇప్పుడు మీకేమనిపిస్తున్నది?" అప్పుడామె బావురుమంటుంది. కెమెరా అబ్బాయికి కావలసింది అదే. మైకులు వెళ్లిపోతాయి.

ఈ నాలుగింటిలో మూడో ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే అది అడిగేవాడికి దాని బరువు తెలియదు. రైతు ఆత్మహత్యకు పరిహారం ఇచ్చే పద్ధతి 2004లో జీవో 421తో స్థిరపడింది. అప్పుడు లక్షన్నర. తెలంగాణ ప్రభుత్వం 2015లో జీవో 194తో దాన్ని 6 లక్షలకు పెంచింది. అయితే ఆ డబ్బు ఊరికే రాదు. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారుల త్రిసభ్య కమిటీ ఊరికి వచ్చి, ఆ చావు సాగు అప్పుల వల్లే జరిగిందని తేల్చాలి. పట్టా ఉండి 59 ఏళ్ల లోపువాడైతే 2018లో వచ్చిన రైతుబీమా కింద ఎలా చనిపోయినా 5 లక్షలు వస్తాయి. కౌలు రైతుకు ఆ బీమా లేదు. కాబట్టి అతని భార్యకు మిగిలిన దారి ఆ కమిటీ ఒక్కటే. అలాంటి మనిషి, ఒళ్లు తెలియని దుఃఖంలో, "అప్పుడప్పుడు తాగేటోడు సారూ" అని మైకు ముందు అన్నదనుకోండి. సాయంత్రానికి అది టీవీలో వస్తుంది, ఊరంతా చూస్తుంది. కమిటీలో కాగితం కొట్టేయాలనుకునేవాడికి అంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి? పంట పోయి, మనిషి పోయి, చివరికి ఆమె నోటితోనే పరిహారం కూడా పోగొట్టించే ప్రశ్న అది. దీన్నేనా సహజత్వం అంటున్నది?

మిగతావి అయినా ఆమెను అడగాల్సినవేనా? అప్పెంతో బ్యాంకులో ఉంటుంది, సొసైటీలో ఉంటుంది, అడ్తిదారు ఖాతాలో ఉంటుంది. పత్తి ఏ ధరకు పోయిందో ఏనుమాముల మార్కెట్ తక్‌పట్టీ చెబుతుంది. భూమి సంగతి పాసుపుస్తకంలో, ఎలా చనిపోయాడన్నది ఎఫ్ఐఆర్‌లో ఉంటాయి. వాటి కోసం తిరగడానికి మూడు గంటలు పడుతుంది. ఆమె ముందు మైకు పెట్టడానికి మూడు నిమిషాలు చాలు. ముందే ప్రశ్నలు రాసుకోవద్దని చెప్పేవాళ్ల అసలు బాధ ఇదే. ప్రశ్నలు రాసుకోవడానికి కూర్చుంటే, సగం ప్రశ్నలకు జవాబు వేరేచోట ఉందని తెలిసిపోతుంది. అప్పుడు పని చేయాల్సి వస్తుంది.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇలా జరగడం మరీ సిగ్గుచేటు. 1997-98లో పత్తి మీద పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు విరుచుకుపడ్డాయి. పురుగును చంపని మందు రైతును చంపింది, వరంగల్ పేరు దేశమంతా విన్నది. అప్పటి నుంచి ఇన్ని చావులు రాసిన మనం, చావింట్లో ఎలా మాట్లాడాలో ఒక్క తరానికైనా కూర్చోబెట్టి నేర్పామా? ఇదే ఉమ్మడి జిల్లాలోని ఇనుగుర్తి అనే పల్లెలో 1922లోనే ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక నడిపారు. చదవడం, రాయడం, ప్రెస్సు నడపడం అన్నీ పట్టుబట్టి నేర్చుకున్న మనుషులు వాళ్లు. వాళ్ల గడ్డ మీద నిలబడి, తయారీ అక్కర్లేదని పిల్లలకు చెప్పడానికి నోరెలా వస్తుందో!

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇల్లు, బడి, బంధువుల వివరాలు కూడా రాయొద్దంటుంది. ఆత్మహత్యల వార్తలపై ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆప్తులను పోగొట్టుకున్నవారితో మాట్లాడేటప్పుడు జాగ్రత్త అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను చంపిన కేసులో ఆగస్టుకల్లా కింది కోర్టు మరణశిక్ష వేసింది. నవంబర్‌లో హైకోర్టు దాన్ని జీవితఖైదుగా మార్చింది. ఆ కేసులో రాయాల్సిందంతా పోలీసుల దగ్గర, కోర్టులో ఉంది. ఆ తల్లిని అడగదగిన ప్రశ్న ఒక్కటి చెప్పండి చూద్దాం.

మొహమాటం పనికిరాదనే ఈ వీరులు పెద్దల ముందు ఏం చేస్తారో కూడా చూస్తున్నాం. 2008 డిసెంబర్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో నిందితులు ముగ్గురూ పోలీసుల అదుపులో ఉండగానే ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఆ రోజు పోలీసులకు పూలదండలు పడ్డాయి. అదుపులో ఉన్నవాళ్లు ఎలా చనిపోయారని పౌరహక్కుల సంఘాలు అడిగాయి. మనలో ఎంతమందిమి అంత గట్టిగా అడిగాం? మంత్రి ప్రెస్‌మీట్‌లో ఈ గొట్టాలన్నీ సద్దుమణిగి ఉంటాయి. తెగువంతా మార్చురీ గోడ దగ్గరే. పెద్దవాణ్ణి నిలదీయడానికి తయారీ ఎంత కావాలో 1977లో బ్రిటిష్ టీవీ ఇంటర్వ్యూయర్ డేవిడ్ ఫ్రాస్ట్ చూపించాడు. అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్‌ను ఇంటర్వ్యూ చేసే ముందు ఫ్రాస్ట్ పరిశోధకులు నెలల తరబడి వాటర్‌గేట్ కుంభకోణం కాగితాలు తవ్వారు. నిక్సన్‌ను ఇరుకున పెట్టింది ఆ కాగితాలే.

మరి కొత్తవాళ్లు ఏం చేయాలంటారా? సూత్రాల పట్టిక నా దగ్గర లేదు. మొదటి ప్రశ్న మాత్రం "అమ్మా, ఇప్పుడు మాట్లాడగలరా, రేపు రమ్మంటారా?" అయి ఉండాలి. మాట్లాడనంటే ఆమె మాటే చివరిమాట. మాట్లాడితే, పోయినవాడు ఎలాంటి మనిషో చెప్పమనండి. ఏ పంట బాగా పండించేవాడు, పిల్లల్ని ఏం చదివించాలనుకున్నాడు అని అడగండి. రాసేముందు ఏం రాయబోతున్నారో ఆమెకు చెప్పండి. మిగతాది మీ ఊరు, మీ మనిషి నేర్పుతారు.

తప్పంతా మండల విలేకరిదే అని నేననను. చాలామందికి జీతం లేదు, లైన్ అకౌంట్ డబ్బులు పెట్రోలుకు చాలవు. పైగా పక్క ఛానల్‌లో ఏడుపు వచ్చేసిందని అరిచే ఫోను. ఆ ఫోను చేసేది డెస్క్. కాబట్టి నా విన్నపం డెస్క్ ఇన్‌చార్జులకే. బైట్ వచ్చిందా అని అడగడం ఇవాళే మానేయండి. ఎఫ్ఐఆర్ చూశావా, తక్‌పట్టీ దొరికిందా, ఆమె మాట్లాడతానన్నదా అని అడగండి. అదీ చేతకాకపోతే ఆ కుర్రాళ్లను ఎంజీఎం మార్చురీకి పంపకండి.