సర్దక్కర్లేని బల్ల

'తీరిక' అనే మాటకి మన ఇళ్లలో రెండు అర్థాలున్నాయి. మగవాళ్ల తీరిక వాళ్ల సొంత ఆస్తి. ఆడవాళ్ల తీరిక మాత్రం ఎవరు ఎప్పుడడిగినా ఇచ్చేయాల్సిన చేబదులు. "ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా!" అంటే చాలు, చేతిలో పని పక్కన పెట్టి లేవాల్సిందే. ఈ తేడా నాకు స్పష్టంగా కనిపించింది ఏ సభలోనో కాదు, ప్లాస్టిక్ బొమ్మ కార్ల మధ్య. నవ్వకండి. కాస్త వివరంగా చెప్తాను.

అమెరికాలో డ్రాగ్ రేసింగ్ అనే పందెం ఉంది. అందులో మలుపులుండవు, చుట్లుండవు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చదీపం వెలగ్గానే తిన్నగా ముందుకి దూకుతాయి. దూరం పావు మైలు, అంటే 1320 అడుగులు. అన్నిటికన్నా శక్తిమంతమైన కార్లకి 2008 నుంచి దాన్ని 1000 అడుగులకి తగ్గించారు. మూకుట్లో ఆవాలు చిటపటలాడేలోపు పందెం అయిపోతుంది! రెండో ప్రపంచయుద్ధం తరవాత అక్కడి కుర్రకారు పాత కార్లకి పెద్ద ఇంజన్లు బిగించి రోడ్ల మీదే పందేలు వేసుకునేవారు. ఆ సరదాకి ఓ పద్ధతీ, భద్రతా కల్పించడానికి 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఏర్పడింది.

మరి కారు కొనే స్తోమతూ, వయసూ లేని పిల్లలేం చేయాలి? వాళ్ల కోసం ప్లాస్టిక్ కిట్లు వచ్చాయి. డెట్రాయిట్ ప్రాంతానికి చెందిన ఎ.ఎం.టి. కంపెనీ 1958లో 'త్రీ ఇన్ వన్' కిట్లు తెచ్చింది. ఒక్క పెట్టెలోని ముక్కలతో కారుని మూడు రకాలుగా కట్టొచ్చు: షోరూంలో ఉన్నట్టు, మనకి నచ్చిన సింగారంతో, లేదా పందెం కారుగా. చాలావాటి పొడవు అసలు కారులో ఇరవై అయిదో వంతు. రెవెల్, మోనోగ్రామ్, ఎం.పి.సి. కంపెనీలూ ఇదే బాట పట్టాయి. అప్పట్లో ఆ పెట్టెల కోసం మారాం చేసిన మగపిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. ఆ పాత కిట్లనే వెతికి కొనుక్కుని, మళ్లీ కూర్చుని కడుతున్నారు.

అలాంటి పెద్దాయన ఒకరిని నేను మిషిగన్‌లోని ట్రాయ్ ఊళ్లో చూశాను. అక్కడ మన తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. మా చెల్లెలు కూడా అక్కడే. ఎ.ఎం.టి. పాత పెట్టెల మీద ఉండే ఊరి పేరు కూడా అదే! చెల్లెలింటి పక్కనే ఆయన ఇల్లు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. నేలమాళిగలో పెద్ద బల్ల, దానిమీద వంగిన దీపం, చుట్టూ రంగు సీసాలు. నేను కథలు రాస్తానని చెల్లెలు చెప్పిందేమో, ఎంతో ఓపిగ్గా అన్నీ చూపించారు.

అది ఆషామాషీ పని కాదండీ! 1960ల నాటి 'గాసర్' అనే రకం కారు కట్టాలంటే ముందు భాగం ఎత్తుగా నిలబడాలి. అలా ఉంటే బయల్దేరే క్షణంలో బరువంతా వెనక టైర్ల మీద పడి అవి నేలని గట్టిగా పట్టుకుంటాయి. అందుకని కిట్‌లోని ముందు ఇరుసు తీసేసి, వేరే కిట్‌లోంచి తెచ్చిన ఇరుసు అమర్చాలి. వెనక పెద్ద టైర్లు పట్టడానికి చక్రాల చోటుని ఆకురాయితో అరగదీయాలి. సందుల్లో లప్పం పెట్టి, ఆరాక తడి ఎమరీ కాగితంతో రుద్ది, రంగు పూత వేసి, అది ఆరాక మళ్లీ రుద్ది, మళ్లీ పూత. ఇంజనుకి ఎనిమిది స్పార్క్ ప్లగ్గులుంటే, ఎనిమిదింటికీ దారమంత సన్నని తీగలు పట్టకారుతో గుచ్చాలి. కారు మీది అంకెల్నీ, పేర్లనీ నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి జార్చి అతికించాలి. ఒక్క కారుకి నెలలు పడుతుంది.

ఎవరో చిన్నప్పుడు జిగురు పులిమి పాడుచేసిన పాత కార్లనీ ఆయన వదలరు. వాటిని రాత్రంతా ఫ్రీజర్లో పెడితే పాత జిగురు పెళుసెక్కి, చాలాసార్లు ముక్కలు విడిపోతాయట. నేను వెళ్లిన రోజున వాళ్ల ఫ్రీజర్లో బఠాణీల పొట్లం పక్కన ఓ పందెం కారు చలికి బిగుసుకుని ఉంది!

ఆయన భార్యకీ చేతిపని ఉంది. గుడ్డముక్కలు లెక్క ప్రకారం కత్తిరించి, నక్షత్రాల్లా కలిపి బొంతలు కుడుతుంది. అద్భుతంగా కుడుతుంది. ఎక్కడ కుడతారని అడిగితే భోజనాల బల్ల చూపించింది. సాయంత్రం అయిదయ్యేసరికి ముక్కలన్నీ వరస తప్పకుండా మడిచి, సూదులు లెక్కపెట్టి, పెట్టెలో సర్దేస్తుంది. మర్నాడు పరచుకోవడానికే ముప్పావుగంట. "మరి రాత్రి భోజనం ఎక్కడ చేస్తాం?" అని నవ్వింది. పెద్దాయన మంచివాడే. ఆయన ఏనాడూ ఆవిణ్ణి సర్దమనలేదు. సర్దకుండా ఉంచమనీ అనలేదు.

ఆవిడ ఫ్రీజర్లో ఆయన కారుకి చోటుంది. అదే ఇంట్లో ఆవిడ బొంతకి రాత్రి నిద్రపోయే చోటు లేదు. నాకు కనిపించిన తేడా ఇదే. నేర్పులో ఇద్దరూ సమానమే. ఆయన పనికి 'హాబీ' అని పేరు, దానికో బల్ల. ఆవిడ పనికి 'కాలక్షేపం' అని పేరు, దానికో పెట్టె.

ఇది అమెరికా గొడవ అనుకుంటే పొరపాటే. మన నరసాపురం లేసు సంగతి తెలిసిందేగా! దేశదేశాలకి ఎగుమతయ్యే ఆ అల్లికని గోదావరి తీరాన మన ఆడవాళ్లే అల్లారు. దాని మీద పరిశోధన చేసిన జర్మన్ పండితురాలు మరియా మీస్ 1982లో ఓ పుస్తకం వెలువరించారు. ఇంట్లో కూచుని తీరిక వేళల్లో చేసే పని అని ముద్ర వేయడం వల్లే ఆ కష్టానికి విలువ కట్టలేదని ఆవిడ చూపించారు. డబ్బొచ్చే పనికే ఆ గతి పడితే, మనసు కోసం చేసే పనిని లెక్కచేసేదెవరు?

ఆడవాళ్లకి అంత ఏకాగ్రత ఎక్కడుంటుందిలే అనే మహానుభావులూ ఉన్నారు. వాళ్లకి అదే డ్రాగ్ రేసింగ్ జవాబు చెప్పింది. 1966లో షర్లీ షహాన్ జాతీయస్థాయి పోటీ గెలిచిన మొదటి మహిళ అయింది. ఇంకో షర్లీ, షర్లీ మల్డౌనీ, అన్నిటికన్నా వేగమైన 'టాప్ ఫ్యూయల్' తరగతికి 1973లో లైసెన్సు సంపాదించింది. 1977, 1980, 1982ల్లో ఆ తరగతి ఛాంపియన్ ఆవిడే. కారుకి గులాబీరంగు వేసుకుని మరీ గెలిచింది! 1984లో ఘోర ప్రమాదంలో కాళ్లు నుజ్జయినా, 1986లో తిరిగి పందెంలోకొచ్చింది. పందెంబాట చివర గడియారం ఉంటుంది. కారులో ఉన్నది ఆడో మగో దానికి అక్కర్లేదు. ఇంట్లో అలాంటి గడియారం లేదు. అందుకే మన గంటలు ఎవరి లెక్కలోకీ రావు.

"రెండుగదుల ఇంట్లో మీకో బల్ల ఎక్కణ్ణించి తెస్తామండీ?" అని మీరు అడగొచ్చు. నిజమే, మనకి నేలమాళిగలు లేవు. నా కథల కాగితాలూ ఇవాళ ఫ్రిజ్ మీద, రేపు బియ్యం డబ్బా పక్కన కాపురముంటాయి. కానీ ఆలోచించండి. అంత చిన్న ఇంట్లోనూ ఆయన పేపరు చదివే కుర్చీ అంటూ ఒకటుంటుంది. పిల్లాడి చదువుమూల ఉంటుంది. పరీక్షలప్పుడు అటువైపు ఎవరూ గట్టిగా మాట్లాడరు. చోటు చాలకపోవడం ఒక్కటే కారణమైతే అది అందరికీ చాలకూడదు కదా!

మనం అడగాల్సింది గది కాదు. కిటికీ పక్క గూడో, మంచం పక్క స్టూలో, మడతబల్లో చాలు. సగం అల్లిన లేసు, సగం వేసిన బొమ్మ, సగం రాసిన కథ రాత్రికి అలాగే అక్కడే ఉండాలి. పొద్దున లేచి నిన్న ఆపిన చోటినుంచే మొదలుపెట్టాలి. రంగు ఆరేదాకా కారుని ముట్టుకోకూడదన్న సంగతి ఆ పెద్దాయన ఇంట్లో అందరికీ తెలుసు. మన పనిలోనూ ఆరాల్సినవి ఉంటాయని మన ఇంట్లోవాళ్లకి మనమే చెప్పాలి.

అమ్మాయిలకైతే ఇంకా ముందే మొదలుపెట్టాలి. పుట్టినరోజుకి అబ్బాయికిచ్చే కిట్, చిన్న స్క్రూడ్రైవరు అమ్మాయికీ ఇవ్వండి. జిగురు వాడేటప్పుడు కిటికీ తెరవమనండి. ఆ ఘాటు పీల్చడం మంచిది కాదు. అమెరికాలో పిల్లలు సరదాకి పీల్చి పాడైపోతుంటే, 1969లో టెస్టర్స్ కంపెనీ పీల్చబుద్ధి కాకుండా తన జిగురులో ఆవనూనె ఘాటు కలపాల్సొచ్చింది. ఇంకోమాట. అమ్మాయి సగం కట్టిన బొమ్మని వదిలి లేస్తే, "ఈ చెత్తంతా తీసెయ్" అనకండి. ఆ ఒక్కమాటతో మనలాంటి ఇంకో సర్దుకుపోయే మనిషిని తయారుచేసినవాళ్లమవుతాం.

ఇవాళ రాత్రి పడుకోబోయే ముందు, మీ చేతిపనిని పెట్టెలో పెట్టకుండా ఉన్నచోటే ఉంచి చూడండి. ఇల్లేమీ మునిగిపోదు. ఏమంటారు?