ముల్లు విరిగిన కెమెరా

పెళ్లిళ్లలో, తీర్థయాత్రల్లో ఒకప్పుడు అందరి చేతులకూ వేలాడిన చిన్న డిజిటల్ కెమెరాలు మళ్లీ బీరువాల్లోంచి బయటికొస్తున్నాయి. కాలేజీ పిల్లలకు వాటి మీద కొత్తగా మోజు పుట్టింది. బటన్ నొక్కుతారు, వెలగదు. పోయిందని తేల్చేస్తారు. నన్నడిగితే చాలాసార్లు చెడేది కెమెరా కాదు, బ్యాటరీ గది.

లిథియం బ్యాటరీని ఏళ్ల తరబడి ముట్టుకోకపోతే దానంతటదే ఖాళీ అవుతుంది. వోల్టేజీ మరీ దిగజారితే లోపలి రక్షణ సర్క్యూట్ దారి మూసేస్తుంది. ఇక చార్జర్‌లో పెట్టినా ఉలకదు, పలకదు. ఉబ్బి ఉంటే మాత్రం చార్జింగ్ మాటే తలపెట్టొద్దు.

పెన్సిల్ సెల్స్‌తో నడిచేవాటి కథ వేరు. గోడగడియారానికి వేసే మామూలు సెల్స్ పెడితే లెన్స్ సగం బయటికొచ్చి చతికిలబడుతుంది. మోటారు లాగే కరెంటు అవి ఇవ్వలేవు. ఆల్కలైన్ సెల్స్ కావాలి. వాటిని లోపలే మరిచిపోతే కారి, స్ప్రింగుల మీద తెల్లటి పక్కు కడుతుంది. అది క్షారం. దూదిపుల్లకు కాస్త వెనిగర్ అద్ది తుడిచి, ఆపైన స్పిరిట్‌తో శుభ్రం చేసి ఆరబెట్టాలి.

ఇవన్నీ బాగున్నా వెలగలేదంటే బ్యాటరీ మూతను అనుమానించాలి. చాలా మోడళ్లలో దాని అంచున బియ్యపుగింజంత ప్లాస్టిక్ ముల్లు ఉంటుంది. మూత వేయగానే అది సన్నటి రంధ్రంలోకి దిగి, లోపలున్న చిట్టి స్విచ్చిని నొక్కుతుంది. ముల్లు విరిగితే మూత ఇంకా తెరిచే ఉందనుకుంటుంది కెమెరా. ఆ చోట చిన్న ప్లాస్టిక్ ముక్క అతికించగానే గర్రుమంటూ లేచి కూర్చున్నవి ఎన్నో! అంతకుమించి ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టొద్దు. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిల్వ ఉంటుంది, బ్యాటరీ తీసేసినా వెంటనే పోదు.

ఆ ముల్లున్న మూత ఖరీదు ఎంతని? అడిగి చూడండి, "ఈ మోడల్ పార్టులు రావట్లేదు సార్" అంటారు. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌కు వెళ్లాయి. ఫోన్ దెబ్బకు 2023లో 80 లక్షలు కూడా లేవు. గిరాకీ లేని సరుకుకు పార్టులెవరు చేస్తారంటారా? ఒక్కో మోడల్‌కు ఒక్కో కొలత బ్యాటరీ, ఒక్కో రకం మూత పెట్టింది గిరాకీ వెల్లువెత్తిన రోజుల్లోనే కదా!

మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. మంచిదే, కానీ పోర్టల్ చట్టం కాదు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా వస్తువులు తయారుచేయాలి. ఆ మోడల్ అమ్మకం ఆగాక మరో ఐదేళ్లు బ్యాటరీ విడిగా దొరకాలి. ఇక్కడా అలాంటి చట్టం తెస్తే, బ్యాటరీ పక్కన మూత పేరు కూడా రాయమనండి.