వేళ్లకు కాపలా... జారుడు పలక!

టేకు అడవుల భూపాలపల్లి అయినా, జనగామ, మహబూబాబాద్ పట్టణాలైనా ఇంటి షెడ్డులో రంపం బల్ల పెట్టుకున్నవారికి ఒకటే భయం... వేళ్లు! చిన్న ముక్కను చేత్తో తోస్తే మెలి తిరిగి చటుక్కున వెనక్కి తన్నుతుంది. చెయ్యి రంపం మీదకు పోతుంది. అందుకే అడ్డకోతల్లో తోయాల్సింది ముక్కను కాదు, దాన్ని మోసే పలకను.

తయారీ తేలికే. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అడుగున, బల్ల గాడుల్లో ఒదిగే రెండు పట్టీలు బిగించండి. వానాకాలంలో ఉబ్బి పట్టేయకుండా ఎండిన టేకు మేలు. గాడులు లేకుంటే పట్టీలు బల్ల అంచులకు ఇరువైపులా ఆనాలి. పలకకు ముందో అడ్డుకర్ర, మనవైపు మరొకటి. మనవైపుది రంపం గీతకు సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. దాని వెనక, రంపం బయటికొచ్చే చోట లావుపాటి దిమ్మె తప్పనిసరి. బొటనవేలికి అదే రక్ష.

మూల కుదిరిందా? అంచులు సమానంగా ఉన్న వెడల్పు చెక్కను కోయండి. ఒక ముక్కను తిరగేసి, కోసిన అంచులు కలిసేలా రెండింటినీ తిన్నని కర్రకు ఆనించండి. సందు కనిపిస్తే అసలు తేడా అందులో సగం. అడ్డుకర్రను ఆ మేరకు జరపండి.

ఇక 45 డిగ్రీల ముక్కోణపు చెక్క బిగిస్తే ఫొటో ఫ్రేములు, కొలతకు ఓ ఆపు దిమ్మె పెడితే ఒకే పొడవు స్టూలు కాళ్లు! కొలిచేటప్పుడు మాత్రం ప్లగ్గు పీకేయండి.