మొక్కు ఎవరిది? చెల్లింపు ఎవరిది?

2016 అక్టోబరులో వరంగల్ భద్రకాళి అమ్మవారికి అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు సుమారు 3.7 కోట్ల రూపాయల విలువైన బంగారు కిరీటం సమర్పించారు. 2017 ఫిబ్రవరిలో తిరుమల వెంకటేశ్వరస్వామికి 5 కోట్ల విలువైన ఆభరణాలు ఇచ్చారు. అదే నెలలో పాత వరంగల్ జిల్లాలోని కురవి వీరభద్రస్వామికి బంగారు మీసాలు చేయించారు. తెలంగాణ వస్తే ఇస్తానని ఉద్యమకాలంలో మొక్కుకున్నానన్నారు. రాష్ట్రం వచ్చింది, మొక్కు తీరింది. అయితే మొక్కుకున్నది ఒక వ్యక్తి, తీర్చింది ప్రభుత్వం.

ఇదేమిటని అడిగితే, అది పన్నుల సొమ్ము కాదు, దేవాదాయ శాఖ సర్వశ్రేయోనిధి అన్నారు. ఆ నిధి మాత్రం ఎవరిది? ఆలయాలు తమ ఆదాయంలోంచి కట్టే వాటాలతో ఏర్పడింది. ఆదాయం లేని గుళ్ళను ఆదుకోవడం వంటి పనులకు ఉద్దేశించింది. హుండీలో స్త్రీలు వేసిన రూపాయీ అందులో ఉంది. మేడారంలో నిలువెత్తు బంగారం మొక్కుకున్న కూలితల్లి ఆ బెల్లాన్ని తన కష్టార్జితంతోనే కొంటుంది. పాలకులకు ఆ పాటి నియమం ఉండవద్దా?

మన పేచీ దేవుడితో కాదు. రాజ్యాంగంలోని 25వ అధికరణం విశ్వసించే హక్కును అందరికీ ఇచ్చింది, మంత్రులకూ కలెక్టర్లకూ కూడా. మన పేచీ ఆ విశ్వాసం కుర్చీ ఎక్కి కూర్చోవడంతో. రంజాన్ కానుకలు, క్రిస్మస్ కానుకలు కూడా ఇస్తున్నాం కదా, అన్ని మతాలూ మాకు సమానమే అని ప్రభుత్వాలు సమర్థించుకుంటాయి. కాని ప్రభుత్వం ఏ మతాన్ని గౌరవించినా ఆ మతపెద్దల ద్వారానే గౌరవిస్తుంది. ఆ పెద్దలు దాదాపు అందరూ పురుషులే. అన్ని మతాల పెద్దలకూ సమానంగా పీట వేస్తే, అన్ని మతాల స్త్రీలూ సమానంగా వెనక్కి జరగాల్సి వస్తుంది.

కిరీటం అందరికీ కనబడుతుంది. కనబడనిది ఆఫీసుల్లో జరిగేది. 2022 డిసెంబరులో కొత్తగూడెంలో జరిగిన క్రిస్మస్ వేడుకల్లో అప్పటి ప్రజారోగ్య సంచాలకులు డాక్టర్ జి. శ్రీనివాసరావు, ఏసుక్రీస్తు కృప వల్లే కరోనా తగ్గిందన్నారు. తన మాటలను వక్రీకరించారని తర్వాత వివరణ ఇచ్చారు. ఏ దేవుడి పేరు చెప్పినా మన అభ్యంతరం ఒక్కటే. ఇంటింటికీ తిరిగి జ్వరాలు లెక్కగట్టి, టీకాలు వేయించిన ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల శ్రమ ఆ మాటలో ఎక్కడుంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆస్పత్రుల లాభాపేక్షతోపాటు ముహూర్తాల పిచ్చి కూడా ఇందుకు ఒక కారణం. ముహూర్తం కన్నా తల్లి ప్రాణం ముఖ్యమని చెప్పవలసిన శాఖకు శాస్త్రీయ దృక్పథం అలంకారం కాదు, విధి.

అదే సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. కుదిరిన పెళ్ళి చెడగొడితే పాపం తగులుతుందని అధికారి అనుకుంటే 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం బీరువాలోనే ఉంటుంది. మతాంతర వివాహాల సంగతీ అంతే. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం నోటీసును ఆఫీసులో 30 రోజులు అంటించమంది గాని, అమ్మాయి ఇంటికి కబురు పంపమనలేదు. ఇళ్ళకు నోటీసులు పంపే పద్ధతిని ఢిల్లీ హైకోర్టు 2009లోనే తప్పుపట్టింది. ఇంటికి చేరిన ఆ కాగితం అమ్మాయి ప్రాణం మీదికి తెస్తుందని మన కార్యకర్తలకు వేరే చెప్పనవసరం లేదు.

2015లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో కిమ్ డేవిస్ అనే కౌంటీ అధికారిణి, తన దేవుడు ఒప్పుకోడంటూ స్వలింగ వివాహాలకు లైసెన్సులు నిరాకరించింది. కోర్టు ధిక్కారం కింద కొద్ది రోజులు జైలులో ఉండవలసి వచ్చింది. ఆమె బాహాటంగా కాదంది కనుక కోర్టు దాకా వెళ్ళగలిగారు. మన దగ్గర ఎవరూ కాదనరు. రేపు రమ్మంటారు, పెద్దల్ని తీసుకురమ్మంటారు, ఫైలు కనబడడం లేదంటారు. రాతలో లేని నిరాకరణను ఏ కోర్టులో సవాలు చేస్తాం?

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పాలకులు తమ మొక్కులు తమ సొంత డబ్బుతో తీర్చుకోవాలి. సర్వశ్రేయోనిధి ఖర్చుల వివరాలు ప్రజల ముందు పెట్టాలి. పెళ్ళి నమోదు గాని, బాల్యవివాహంపై ఫిర్యాదు గాని నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద మనమే అడగాలి. మండలంలో ప్రతి సంఘమూ ఇటువంటి ఉదంతాలను తేదీలతో సహా నమోదు చేయడం మొదలుపెట్టాలి.

దైవసాక్షిగానో ఆత్మసాక్షిగానో మంత్రులు చేసే ప్రమాణంలో, రాగద్వేషాలు లేకుండా అందరికీ న్యాయం చేస్తామన్న మాట ఉంది. వాళ్ళు ప్రజలకు మొక్కిన మొక్కు అది. ముందు తీరవలసింది అదే.