ఆఫీసు ఈమెయిల్ కూడా రికార్డే.. మీరు అడిగి తీసుకోవచ్చు

మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణికి 1,200 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అలాంటి చోట సరుకు సరఫరా చేసే చిన్న వ్యాపారి మీరనుకుందాం. పని గడువు పెంచుతున్నట్టు మీకు మెయిల్ వచ్చింది. రెండేళ్ల తర్వాత బిల్లుపై వివాదం వచ్చేసరికి ఆ అధికారి బదిలీ అయ్యారు, మీ ఫోన్ మారిపోయింది. ఇప్పుడు ఆ మెయిల్ ఎక్కడ దొరుకుతుంది?

చట్టం ఏం చెబుతోంది?

సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. కాబట్టి సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. 2005 నాటి ఆ చట్టం 'సమాచారం' నిర్వచనంలో ఈమెయిల్‌ను పేరుపెట్టి మరీ చేర్చింది. రికార్డులను సులభంగా వెతికేలా సూచికలతో ఉంచాలని 4వ సెక్షన్ చెబుతోంది. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు, వోచర్లు కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు దాచాలి.

బ్యాకప్ ఉంటే చాలదా?

చాలదు. సర్వర్ చెడిపోతే తిరిగి నిలబెట్టుకోవడానికి పనికొచ్చేది బ్యాకప్. ఆర్కైవ్ వేరు. మెయిల్ వచ్చినప్పుడు, వెళ్లినప్పుడు దాని ప్రతి అందులో చేరిపోతుంది. తర్వాత ఉద్యోగి తన ఇన్‌బాక్స్‌లో తీసేసినా తేదీ, పేరు, ఆర్డర్ నంబరుతో వెతికి పట్టుకోవచ్చు.

ఎలా అడగాలి?

• 'అన్ని మెయిళ్లు' అని రాయకండి. ఆర్డర్ నంబరు, తేదీల మధ్య కాలం, పంపిన అధికారి హోదా రాయండి. జతచేసిన ఫైళ్లూ కోరండి.
• 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.
• ఆలస్యం చేయకండి. మీరు అడిగిన సమాచారాన్ని ధ్వంసం చేస్తే సమాచార అధికారికి రోజుకు రూ.250 చొప్పున రూ.25,000 వరకు జరిమానా పడొచ్చు. మీరు అడగకముందే పోయిన మెయిల్‌కు ఈ రక్షణ లేదు.
• వ్యాపార రహస్యాలు, ఇతరుల వ్యక్తిగత వివరాలు ఇవ్వకపోవచ్చు.

మీ వైపు జాగ్రత్త

స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకండి. ఐటీ చట్టం 7వ సెక్షన్ ప్రకారం దాచిన రికార్డులో ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారో తెలియాలి. కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి అసలు సందేశాన్నే డౌన్‌లోడ్ చేసి ఉంచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం కోర్టులో దాని ప్రింటు ఇవ్వాలంటే 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కూడా జతచేయాలి.