కుట్టు లేని కోతకు కాపలా ఎవరు?

కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ ప్రభుత్వ ఆసుపత్రిలో 2024లో కంటిశుక్లం శస్త్రచికిత్స చేయించుకున్న పలువురికి ఇన్ఫెక్షన్ సోకింది. వారిని ప్రాంతీయ నేత్ర వైద్య సంస్థకు తరలించవలసి వచ్చింది. దర్జీ పనికి పేరుపడిన మెటియాబ్రుజ్ ఆ పరిసరాల్లోనే ఉంది. సూదిలో దారం ఎక్కించి బతికే పేటల్లో ఒక కన్ను పోవడమంటే ఒక ఇంటి ఆదాయం ఆగిపోవడమే.

ఒకేసారి పలువురికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు మొదట అనుమానించవలసినవి ద్రావణాలు, పరికరాలు, శస్త్రచికిత్స గది పరిశుభ్రత. అయితే విడివిడిగా తలెత్తే కేసుల్లో మరో ప్రశ్న ముందుకు వస్తుంది. కోత సరిగా మూసుకున్నదా?

ఒకప్పుడు ఈ కోత 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉండేది, కుట్లు తప్పనిసరి. నేటి ఫేకో విధానంలో అది 3 మిల్లీమీటర్ల లోపే. చిన్న కోత విధానంలో 6, 7 మిల్లీమీటర్లున్నా, సొరంగంలా ఏటవాలుగా సాగడంవల్ల కంటిలోపలి ఒత్తిడితోనే మూసుకుంటుంది. ఖర్చు, సమయం తగ్గాయి. కాని ఆ ఒత్తిడి పడిపోతే కోత అంచులు విడివడి, కంటి ఉపరితలంపై నీరు సూక్ష్మక్రిములతో సహా లోపలికి చేరవచ్చు. రోగి కన్ను నలిపినా ముప్పే.

నివారణ మార్గాలు తెలియనివి కావు. శస్త్రచికిత్సకు ముందు పోవిడోన్ అయోడిన్‌తో కంటిని శుభ్రపరచడం, చివర్లో కోత అంచులకు సెలైన్ ఎక్కించి ఉబ్బించడం, ఫ్లోరెసీన్ రంగుతో కారుదలను పరీక్షించడం, సందేహముంటే ఒక కుట్టు వేయడం వాటిలో ముఖ్యమైనవి. కంటిలోపల యాంటీబయోటిక్ ఇవ్వడంవల్ల ఇన్ఫెక్షన్ ముప్పు గణనీయంగా తగ్గుతుందని 2007లో వెలువడిన ఐరోపా అధ్యయనం చాటింది. కోతపై పొరలా గట్టిపడే హైడ్రోజెల్ జిగురుకు అమెరికా 2014లో అనుమతి ఇచ్చింది. అయితే ఒక కుట్టుతో తీరే అవసరానికి ఖరీదైన జిగురు ప్రత్యామ్నాయం కాజాలదు.

1976 నుంచి అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం అమలవుతున్న దేశంలో శిబిరాల విజయాన్ని శస్త్రచికిత్సల సంఖ్యతో కొలవడం అలవాటైంది. ఆ లెక్క పక్కనే మరో లెక్క ఉండాలి: మర్నాడు, వారం తరువాత ఎందరు తిరిగి పరీక్షకు వచ్చారు? నొప్పి, ఎరుపు, చూపు మందగించడం కనిపిస్తే అదే రోజు ఎక్కడికి వెళ్లాలో ఎందరికి తెలుసు? కుట్టు చేసే కాపలాను ఇప్పుడు వ్యవస్థ చేయాలి. ఆ బాధ్యతను కంటిరక్షణ కవచంతో పాటు రోగి చేతికిచ్చి ఇంటికి పంపడం న్యాయం కాదు.