కట్టు విప్పాక ఏం చేయాలి?

కర్ణాటకలోని రాయచూరు జిల్లా మాన్వి పరిసరాల్లో తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండించే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. గట్టు మీద జారి చెయ్యి విరిగితే కొందరు రాయచూరు ఆసుపత్రి దారి పడతారు, కొందరికి పుత్తూరు నాటు కట్టు గుర్తొస్తుంది. ఎక్కడ కట్టించుకున్నా, కట్టు పడగానే వైద్యం అయిపోయిందనే అనుకుంటారు. చిక్కంతా అక్కడే.

ఎముక అతకాలంటే కదలకూడదు. కీలు బాగుండాలంటే కదలాలి. కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. కదలికతోనే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. వారాల తరబడి కదలని కీలు చుట్టూ పొర బిగుసుకుంటుంది, కండరం చిక్కిపోతుంది. కీలును కదిలిస్తుంటే మృదులాస్థి మెరుగ్గా మానుతుందని టొరంటోలో ఎముకల వైద్యుడు రాబర్ట్ సాల్టర్ కుందేళ్ల మోకాళ్లపై చేసిన ప్రయోగాల్లో తేలి దశాబ్దాలైంది.

మణికట్టుకు పిండికట్టు వేసినా వేళ్లు బయటే ఉంటాయి కదా! డాక్టరు వద్దనకపోతే మొదటి రోజు నుంచే పిడికిలి బిగించి విప్పాలి, చేతిని తలపైకి ఎత్తాలి. మెడకు వేలాడేసుకుని కూర్చునే పెద్దవాళ్లకు మణికట్టు అతికేలోపు భుజం పట్టేస్తుంది. కట్టు విప్పాక సాగదీతలు నెమ్మదిగా, రోజూ చేయాలి. బిగిసిన మోచేతిని నూనె రాసి బలంగా తోమించడం మాత్రం వద్దేవద్దు. దానివల్ల కండరంలో ఎముక పేరుకునే ప్రమాదముంది.

ఈ కదలికలు నేర్పే ఫిజియోథెరపీని అనుబంధ ఆరోగ్య వృత్తుల 2021 చట్టం ఒక జాతీయ కమిషన్ పరిధిలోకి తెచ్చింది. ఆ సేవ తాలూకా ఆసుపత్రి గడప దాకా రావాలి. ఈలోగా కట్టు వేసే ప్రతిచోటా చేయాల్సిన కదలికలను కన్నడంలో, తెలుగులో ఒక చీటీ మీద రాసివ్వాలి.